సైకిల్‌కి నంబరుండదు మేడం: కేంద్ర ఆర్థిక మంత్రి గారికి బహిరంగ లేఖ

కేంద్ర ఆర్థిక మంత్రి శ్రీమతి నిర్మలా సీతారామన్ గారికి,

నమస్కారం.

ఈ ఉత్తరం తెలుగులోనే రాస్తున్నాను. 2014లో మీరు రాజ్యసభకు వెళ్లింది ఆంధ్రప్రదేశ్ నుంచే, మెట్టినిల్లు గోదావరి జిల్లా. కాబట్టి అనువాదం జతచేయడం లేదు.

నేను హైదరాబాద్‌లో ఒక కంపెనీ పేరోల్ సెక్షన్‌లో పనిచేస్తాను. నెలాఖరుకు జీతాల లెక్క, జనవరిలో పన్ను మినహాయింపుల ప్రూఫుల గోల, జూన్‌లో జీతంలో కోసిన పన్ను చూపించే ఫారం 16లు. పదిహేనేళ్లుగా ఇదే బతుకు. నాలుగేళ్ల నుంచి మాత్రం కూకట్‌పల్లిలోని కేపీహెచ్‌బీ కాలనీ నుంచి మాదాపూర్‌కి సైకిల్ మీద వెళ్లొస్తున్నాను. ఒకవైపు సుమారు 7 కిలోమీటర్లు. ఆరోగ్యం కోసమని అందరికీ చెప్తుంటాను కానీ అది పూర్తి నిజం కాదు. స్కూటర్‌ని రిపేరుకిచ్చిన ఒక వారం, ఇంట్లో మూలనున్న సైకిల్ తీశాను. ట్రాఫిక్‌లో స్కూటర్ కన్నా అదే ముందు చేర్చింది. ఆ తర్వాత స్కూటర్‌ని మా ఆవిడకి వదిలేశాను.

పోయిన ఏడాది మా ఆఫీసు కొత్త బిల్డింగ్‌లోకి మారింది. బేస్‌మెంట్ పార్కింగ్, గేటు, గేటుకి యాప్. మొదటి రోజు సెక్యూరిటీ ఆయన నన్ను ఆపాడు.

"బండి నంబరు చెప్పండి సార్."

"సైకిలన్నా ఇది. నంబరుండదు."

"నంబరు కొట్టకపోతే గేటు లేవదు సార్."

చేత్తో పట్టుకుని పక్కసందులోంచి నెట్టుకుపోతానన్నాను. ఒప్పుకోలేదు. పాపం, ఆయన తప్పేం లేదు. యాప్‌లో ఉన్నవి రెండే గడులు: టూ వీలర్, ఫోర్ వీలర్. రెండిటికీ రిజిస్ట్రేషన్ నంబరు కావాలి. సైకిల్‌కి రెండు చక్రాలున్నాయి కదా అంటే వినేది యాప్ కాదు. చివరికి అడిగాను, "మరి నువ్వు దేనిమీదొస్తావన్నా?" అని.

"సైకిలే సార్."

"ఎక్కడ పెడతావు?"

"ట్రాన్స్‌ఫార్మర్ వెనకాల. అటెవరూ రారు."

ఆయనది శ్రీకాకుళం వైపు. రోజూ ఆరు కిలోమీటర్లు తొక్కుకుంటూ వస్తాడు, మళ్లీ అంత పోతాడు. ఆ రోజు నుంచి నా సైకిల్ కూడా ట్రాన్స్‌ఫార్మర్ వెనకే ఉంటోంది. నాది గేర్లున్నది, 22 వేలు పెట్టి కొన్నది. ఆయనది మామూలు నల్ల సైకిల్, క్యారేజీకి టిఫిన్ బాక్సు కట్టే తాడు. మీకు ఈ ఉత్తరం రాస్తున్నది ఈ రెండు సైకిళ్ల గురించి. ముఖ్యంగా రెండోదాని గురించి.

ముందు థ్యాంక్స్ చెప్పాలి. మీ అధ్యక్షతన జీఎస్టీ కౌన్సిల్ 2025 సెప్టెంబరు 3న కూర్చుని సైకిళ్లు, వాటి విడిభాగాల మీద పన్నును 12 శాతం నుంచి 5కి తగ్గించింది. అదే నెల 22 నుంచి అమల్లోకొచ్చింది. అంతకు ముందు ఏడాది మంత్రుల బృందం 10 వేల లోపు సైకిళ్లకే తగ్గిద్దామని సూచించింది. మీరు ధర గీత గీయకుండా అన్నిటికీ తగ్గించారు. బాగుంది. చెయిన్, ట్యూబ్, టైరు కొనేవాడికి కూడా కాస్త ఊరట.

కాకపోతే నేను లెక్కల మనిషిని కదా, లెక్క వేశాను. పన్ను కాకుండా 5,000 ఉన్న సైకిల్ ఇదివరకు 5,600 అయ్యేది, ఇప్పుడు 5,250. మిగిలింది 350 రూపాయలు. అదే కౌన్సిల్ అదే రోజు 350 సీసీ లోపు మోటార్‌సైకిళ్లు, స్కూటర్ల మీద పన్నును 28 నుంచి 18కి దించింది. పన్ను కాకుండా 80 వేలున్న స్కూటర్ మీద మిగిలేది 8,000. సైకిల్‌కి ఏడు పాయింట్లు, పెట్రోల్ బండికి పది పాయింట్లు. బండి కొనుక్కోవడం సామాన్యుడి కల, దాన్ని నేను కాదనను. అయితే ఆ పూట షోరూమ్‌కి వెళ్లిన మనిషికి ప్రభుత్వం ఏం కొనుక్కోమని చెప్పినట్టు?

ఇంకో సంగతి మీ దగ్గర ఎవరైనా ఎత్తారో లేదో. 2019 ఆగస్టు 1న విద్యుత్ వాహనాల మీద జీఎస్టీ 5 శాతం చేసినప్పుడు, ఆ నిర్వచనంలో బ్యాటరీ సైకిళ్లను కూడా చేర్చారు. మామూలు సైకిల్ 12లోనే ఉండిపోయింది. అంటే ఆరేళ్లపాటు ఈ దేశంలో బ్యాటరీతో నడిచే సైకిల్‌కి 5, కాళ్లతో తొక్కే సైకిల్‌కి 12. కాలుష్యం తగ్గించడానికే ఆ రాయితీ అన్నారు. మరి కాళ్లకు పొగ గొట్టమేమైనా ఉందా?

సరే, అది సరిదిద్దారు. ఇక నా అసలు రంగం, ఇన్‌కం ట్యాక్స్.

ఆఫీసుకి వెళ్లిరావడానికి ఉద్యోగికి అయ్యే ఖర్చు మీద ఒకప్పుడు నెలకు 1,600 రూపాయల దాకా ట్రాన్స్‌పోర్ట్ అలవెన్సుకి పన్ను ఉండేది కాదు. 2018 బడ్జెట్‌లో దాన్ని తీసేసి, దివ్యాంగులకు మాత్రం ఉంచి, మిగతావాళ్లకు స్టాండర్డ్ డిడక్షన్ ఇచ్చారు, అంటే జీతంలోంచి అందరికీ ఒకేలా తీసేసే మొత్తం. అప్పుడది 40 వేలు, ఇప్పుడు కొత్త విధానంలో 75 వేలు. కారులో వెళ్లేవాడికీ, మెట్రోలో వెళ్లేవాడికీ, ఇంట్లోనే ల్యాప్‌టాప్ తెరిచేవాడికీ ఒకటే. అన్నీ ఒకే గంపలో. మా సెక్షన్‌లో పని తగ్గింది, అబద్ధం చెప్పను.

కానీ గంపలోకి రాని కారు ఒకటుంది. 1962 నాటి ఇన్‌కం ట్యాక్స్ రూల్స్ కింద, కంపెనీ తన కారు ఇచ్చి, పెట్రోలూ తనే పోయించి, ఉద్యోగి దాన్ని ఆఫీసు పనికీ సొంతానికీ వాడుకుంటే, 1.6 లీటర్ల లోపు ఇంజనైతే ఉద్యోగికి నెలకు 1,800 రూపాయల లాభంగా లెక్కేసేవాళ్లం. డ్రైవర్‌ని కూడా ఇస్తే ఇంకో 900. కంపెనీకి ఆ కారు మీద నెలకు ముప్పై నలభై వేలు అయినా సరే, ఉద్యోగి జీతంలో కలిపి పన్ను వేసింది 2,700 మీదే. ఏళ్ల తరబడి ఈ అంకెలు నేనే సాఫ్ట్‌వేర్‌లో కొట్టాను. పెద్ద జీతగాళ్లకు ఇంతకు మించిన రాయితీ ఆ పుస్తకంలో పెద్దగా లేదు.

విద్యుత్ వాహనానికీ లోటు చేయలేదు. 2019 ఏప్రిల్ నుంచి 2023 మార్చి లోపు లోను తీసుకుని ఈవీ కొన్నవాడికి వడ్డీ మీద లక్షన్నర దాకా ఇన్‌కం ట్యాక్స్ చట్టం సెక్షన్ 80ఈఈబీ కింద మినహాయింపు ఇచ్చారు. తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబరు నుంచి 2026 డిసెంబరు దాకా ఈవీలకు రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు పూర్తిగా మాఫీ చేసింది. సైకిల్‌కి రోడ్ ట్యాక్సే లేదు కాబట్టి మాఫీ చేయడానికీ ఏమీ లేదు. పన్నే కట్టనివాడికి పన్ను రాయితీ ఎలా ఇస్తారన్నదే ఇక్కడ చిక్కు. దానికి మళ్లీ వస్తాను.

సైకిల్ అనే మాట ఆ రూల్స్‌లో ఎక్కడుందా అని ఒక ఆదివారం కూర్చుని వెతికాను. జీతంతో పాటు ఇచ్చే సౌకర్యాల భాగంలో కారుంది, డ్రైవరున్నాడు, తోటమాలి ఉన్నాడు, కాపలావాడున్నాడు, ల్యాప్‌టాప్ ఉంది. సైకిల్ లేదు. లేకపోతే ఏమవుతుందో చూడండి. కంపెనీ మూడేళ్లు వాడిన వస్తువును ఉద్యోగికి రాసిచ్చేస్తే దాని విలువ ఎలా కట్టాలో ఒక రూలుంది. కంప్యూటర్ అయితే ఏటా మిగిలిన విలువ మీద 50 శాతం తరుగు. లక్ష రూపాయల ల్యాప్‌టాప్ మూడేళ్లకు 12,500 అయిపోతుంది. కారుకి అలాగే ఏటా మిగిలిన విలువ మీద 20 శాతం, మూడేళ్లకు సగానికి వస్తుంది. ఇంకేదైనా వస్తువైతే అసలు ధర మీద ఏడాదికి 10 శాతమే. సైకిల్ ఈ 'ఇంకేదైనా'లో పడుతుంది. కాబట్టి మూడేళ్లు హైదరాబాద్ గుంతల్లో తిరిగి, ఫ్రీవీల్ అరిగి, సీటు చిరిగిన సైకిల్‌కి కూడా కొన్న ధరలో 70 శాతం విలువుందని చట్టం నమ్ముతుంది. పాత సైకిళ్లు కొనేవాడి దగ్గరకు ఆ రూల్ పుస్తకం పట్టుకెళ్తే టీ తాగించి పంపిస్తాడు.

మా నాన్న గురించి ఒక మాట చెప్పాలి. ఆయన తెనాలి దగ్గర పోస్ట్‌మ్యాన్‌గా చేశారు. మొదటి సైకిల్ డిపార్ట్‌మెంటిచ్చిన సైకిల్ అడ్వాన్సుతో కొన్నారు, నెలనెలా జీతంలో కోసుకునేవాళ్లు. దాని మీదే నన్ను స్కూల్లో దించేవారు, ముందు కడ్డీ మీద తువ్వాలు చుట్టి కూర్చోబెట్టి. జీతం చీటీలో సైకిల్ అలవెన్సు అని చిన్న అంకె ఉండేది. ఆ మాట నేను మొదటిసారి చదివింది అక్కడే. పేరోల్ పనిలో పడటానికి అదే కారణమేమో తెలియదు.

ఏడో వేతన సంఘం వచ్చాక వడ్డీలేని అడ్వాన్సులు చాలావరకు ఎత్తేశారు. వాటితో సైకిల్ అడ్వాన్సూ పోయింది. సైకిల్ అలవెన్సును కూడా తీసేయమని సంఘం చెప్పింది. కేంద్ర కేబినెట్ మాత్రం ఒప్పుకోలేదు. 2017 జూన్‌లో నెలకు 90 ఉన్నదాన్ని 180 చేసి, పోస్టల్, రైల్వేల్లో 22 వేల పైచిలుకు మందికి మేలని ప్రకటించింది. అప్పుడు మీ చేతిలో ఉన్నది ఈ శాఖ కాదు, తెలుసు. అయినా ఆ నిర్ణయం నాకు నచ్చింది. అంకె చిన్నదే, నెలకు 26 రోజులేసుకుంటే రోజుకి ఏడు రూపాయలు. ఒక పంక్చరుకే ఐదారు రోజులది పోతుంది. కానీ దాని వెనకున్న ఆలోచన సరైనది. సైకిల్ కొన్నందుకు కాదు, తొక్కినందుకు డబ్బు. నేను అడగబోయేది దాన్నే పట్టుకుని.

బయటి దేశాల్లో ఏం చేశారో మీ అధికారులకు తెలిసే ఉంటుంది. బ్రిటన్‌లో 1999 చట్టంతో సైకిల్ టు వర్క్ అనే పథకం పెట్టారు. కంపెనీ సైకిల్ కొనిస్తుంది, ఉద్యోగి జీతంలోంచి పన్నుకి ముందే కొంత కోసుకుంటుంది. ఖరీదైన సైకిళ్లు బాగానే అమ్ముడయ్యాయి. కానీ కోత తర్వాత జీతం కనీస వేతనం కన్నా తగ్గకూడదు కాబట్టి, అట్టడుగు జీతగాడికి ఆ పథకం అందదు. మనవాళ్లు బోలెడంత మంది ఉండే అమెరికాలో 2009 నుంచి నెలకు 20 డాలర్లు పన్ను లేకుండా కంపెనీ ఇవ్వొచ్చన్నారు. కారు పార్కింగ్‌కి అంతకు పదింతలు పైగా మినహాయింపున్న చోట 20 డాలర్లకు ఎవరు లెక్క రాసుకుంటారు? 2018 నుంచి ఆపేశారు, 2025లో పూర్తిగా తీసేశారు. పార్కింగ్ మినహాయింపు మాత్రం అలాగే ఉంది.

బెల్జియం దారి వేరు. అక్కడ తొక్కిన కిలోమీటరుకి ఇంత అని యజమాని ఇస్తాడు, ఒక హద్దు దాకా దాని మీద పన్ను లేదు. 2023 మే నుంచి ప్రైవేటు కంపెనీల్లో కూడా అది తప్పనిసరైంది. మొదట కిలోమీటరుకి 27 సెంట్లు. సైకిల్ కొత్తదా పాతదా, గేర్లున్నాయా లేవా అని ఎవరూ అడగరు.

మన దగ్గర బ్రిటన్ పద్ధతి తెస్తే ఏమవుతుందో చెప్తాను. నాకు లాభం. నాలాంటి మాదాపూర్ వాళ్లు అరవై వేల సైకిల్ కొని, ఆదివారం అవుటర్ రింగ్ రోడ్డు పక్క ట్రాక్ మీద ఫొటో దిగి, సోమవారం క్యాబ్‌లో ఆఫీసుకొస్తారు. మా సెక్యూరిటీ ఆయనకు పైసా రాదు. రిబేటు వల్ల ఏడాదికి 12 లక్షల దాకా ఇన్‌కం ట్యాక్సే లేదని మీరే చేశారు. ఆయన జీతం దానికి ఎన్ని మెట్ల కిందుందో లెక్కపెట్టక్కర్లేదు. 2011 జనాభా లెక్కల ప్రకారం వ్యవసాయం కాని పనులు చేసేవాళ్లలో పనికి సైకిల్ మీద వెళ్లేవాళ్లు సుమారు 13 శాతం. కూలీలు, మేస్త్రీలు, వాచ్‌మెన్లు, హౌస్‌కీపింగ్ వాళ్లు, మిల్లు కార్మికులు. వీళ్లలో పన్ను కట్టేవాళ్లు ఎంతమంది? మనం ఎవర్నో కొత్తగా సైకిలెక్కించాలని చూస్తున్నాం. ఎక్కినవాళ్లు దిగిపోకుండా చూడటం అంతకన్నా చవక. మా సెక్యూరిటీ ఆయన కూడా పాత బండి ఒకటి వాయిదాల్లో వస్తుందేమోనని మొన్న అడుగుతున్నాడు.

కాబట్టి రాయితీ ఉద్యోగికి కాదు, యజమానికి ఇవ్వండి. దీనికి కొత్త చక్రం కనిపెట్టక్కర్లేదు. కొత్తగా ఉద్యోగాలిచ్చిన కంపెనీలకు, నెలకు 25 వేల లోపు జీతాల ఖర్చులో 30 శాతాన్ని పన్ను వేసే ఆదాయంలోంచి మూడేళ్లపాటు అదనంగా తగ్గించే సెక్షన్ 80జేజేఏఏ పాత చట్టంలో ఉంది. 22 శాతం పన్ను దారి ఎంచుకుని మినహాయింపులు చాలావరకు వదులుకున్న కంపెనీలకు కూడా దాన్ని మిగిల్చారు. అదే అచ్చులో ఇంకొకటి పోయండి. సైకిల్ మీద పనికొచ్చేవాళ్లకు కిలోమీటరుకి రెండు రూపాయల చొప్పున అలవెన్సు ఇచ్చిన యజమానికి, ఆ ఖర్చు మీద 30 శాతం అదనంగా తగ్గించుకోనివ్వండి.

మా సెక్యూరిటీ ఆయన రోజుకి 12 కిలోమీటర్లు, నెలకు 26 రోజులు. 624 రూపాయలు. గుండుగా 600 అనుకుందాం. అలాంటి వంద మందికి ఏడాదికి కంపెనీ పెట్టేది 7 లక్షల 20 వేలు. అదనపు 30 శాతం అంటే 2 లక్షల 16 వేలు. 22 శాతం పన్ను, సర్‌ఛార్జీ, సెస్ కలిపి మీ ఖజానాకు తగ్గేది దాదాపు 54 వేలు. మనిషికి ఏడాదికి 544 రూపాయలు. స్కూటర్ మీద ఒక్కసారి వదులుకున్న 8,000తో ఒక మనిషిని 14 ఏళ్లకు పైగా సైకిల్ తొక్కించొచ్చు.

ఒక మెలిక మాత్రం మర్చిపోకండి. ఆయన మా కంపెనీ ఉద్యోగి కాదు, ఏజెన్సీ మనిషి. మా బిల్డింగ్‌లో టిఫిన్ బాక్సు తెచ్చుకునేవాళ్లలో సగానికి పైగా అంతే. అలవెన్సు ఎవరిస్తే వాళ్లకే తగ్గింపు అని రాస్తే సరిపోదు. ఏజెన్సీ ద్వారా ఇప్పించిన అసలు యజమానికి కూడా వర్తిస్తుందని స్పష్టంగా రాయాలి. లేకపోతే ఏజెన్సీ వాడు 600 బిల్లులో వేసి, దాని మీద కమీషన్ వేసి, మొత్తం మీద 18 శాతం జీఎస్టీ వేసి మాకు పంపిస్తాడు. మనిషి చేతికి ఎంతొచ్చిందో దేవుడికే తెలియాలి. డబ్బు నేరుగా అతని బ్యాంకు ఖాతాలో పడినట్టు రుజువుంటేనే తగ్గింపు అనండి.

తొక్కకుండానే తొక్కామని రాసుకుంటారని మీ శాఖవాళ్లు అంటారు. అంటారని నాకు బాగా తెలుసు, ఎందుకంటే నేనూ అదే కుర్చీలో కూర్చున్నాను. పదిహేనేళ్లలో పెట్రోల్ బిల్లులు ఎన్ని చూశానో చెప్పనా? ఒకే బంకు, ఒకే రోజు, ఒకే పంపు, ముగ్గురు వేర్వేరు ఉద్యోగుల దగ్గర వరుస నంబర్ల బిల్లులు. బంకు దగ్గర జనం పారేసిన రసీదులు ఏరుకొచ్చేవాళ్లున్నారని ఆఫీసంతా నవ్వుకునేది. ఆ మోసం గురించి ఎవరికీ టెన్షన్ రాలేదు. నెలకు 600 దగ్గరకొచ్చేసరికి నిఘా ఎందుకు? గేటు దగ్గర రిజిస్టరులో సంతకం చాలు. ఆ రిజిస్టరు రాసేది కూడా మా సెక్యూరిటీ ఆయనే.

రెండు రాష్ట్రాల ఆర్థిక మంత్రులు భట్టి విక్రమార్క గారికీ, పయ్యావుల కేశవ్ గారికీ ఈ ఉత్తరం కాపీ పంపుతున్నాను. వాళ్లతో ఒకటే పని. వాణిజ్య భవనాలకు పర్మిషన్ ఇచ్చేటప్పుడు కార్లకు ఎంత జాగా, బండ్లకు ఎంత జాగా అని చూస్తారు కదా, అందులో సైకిల్ స్టాండు, తాళం వేసుకునే కడ్డీ, ఒక కుళాయి పెట్టినవాళ్లకు ఆస్తి పన్నులో కాస్త తగ్గించండి. మే నెలలో ఏడు కిలోమీటర్లు తొక్కి వచ్చినవాడికి స్నానాల గది మాట దేవుడెరుగు, మొహం కడుక్కోవడానికి కుళాయి కావాలి.

అసలు రోడ్డే లేనప్పుడు రాయితీ దేనికని మా ఆవిడ అంటుంది. సగం ఒప్పుకుంటాను. హైదరాబాద్‌లో అవుటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ 2023లో తెరిచారు. పైన సోలార్ పలకల కప్పు, కింద నున్నటి దారి, వాటి నుంచి 16 మెగావాట్ల కరెంటు. నేనూ వెళ్లాను, మనసు నిండింది. కానీ దాని దగ్గరకు వెళ్లాలంటే చాలామంది సైకిల్‌ని కారు వెనక కట్టుకుని వెళ్లాలి. కూకట్‌పల్లి నుంచి మాదాపూర్‌కి మాత్రం బస్సుకీ డివైడర్‌కీ మధ్య మూరెడు జాగాలో, హారన్ మోతలో, ప్రాణం అరచేతిలో పెట్టుకుని తొక్కాలి. పన్ను తగ్గిస్తే ఆ జాగా పెరగదు. నిజమే. అయితే ఆ మూరెడు జాగాలోనే ఈ రోజు కూడా వేలమంది తొక్కుతున్నారు, ఎవరూ ఏమీ ఇవ్వకుండానే.

కొత్త ఇన్‌కం ట్యాక్స్ చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి అమలు. భాష సులువు చేశామన్నారు, సెక్షన్లు తగ్గించామన్నారు. మంచిదే, మాకు మళ్లీ అన్నీ కొత్తగా నేర్చుకునే పని. ఎలాగూ నేర్చుకోవాలి కాబట్టి, సైకిల్ అనే మూడక్షరాలు కూడా అందులో ఎక్కడో ఒకచోట చేర్చండి. నేను సాఫ్ట్‌వేర్‌లో ఒక గడి ఖాళీగా ఉంచుతాను.

భవదీయుడు,
ఒక పేరోల్ గుమాస్తా,
కేపీహెచ్‌బీ కాలనీ, హైదరాబాద్

తా.క.: జవాబు రాస్తే పోస్టులోనే పంపండి. మా వీధికి ఉత్తరాలు తెచ్చే ఆయన ఇప్పుడు సైకిల్ మీద రావట్లేదు, సొంత స్కూటర్ మీద వస్తున్నాడు. సైకిల్ అలవెన్సుతో పెట్రోల్ ఎన్ని రోజులొస్తుందని అడిగితే నవ్వి, సంతకం పెట్టమని రిజిస్టరు చేతికిచ్చాడు.